ముందు పిల్లల రోజును చూడండి, ఫోను సంగతి తర్వాత

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా సంచికలో పోయిన వారం కౌమార దశ పిల్లల మానసిక ఆరోగ్యం మీద వచ్చిన కథనం చదివాను. సెల్‌ఫోను, రీల్స్, ఆన్‌లైన్ ఆటలు పిల్లల మనసును పాడు చేస్తున్నాయని, ఫోను లాక్కుంటే సగం సమస్య తీరిపోతుందని అందులో రాశారు. నేను ఆదోని డివిజన్‌లో ఏఎన్ఎంగా చేరి, ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేశాను. ఉద్యోగమంతా బడులు, హాస్టళ్లు, పల్లెల చుట్టూ తిరగడంతోనే గడిచింది. ఆ కథనంలో రాసినది అబద్ధమని అనను. కానీ మా ప్రాంతపు పిల్లల జీవితంలోకి ఫోను అన్నిటికన్నా చివర వచ్చింది. అంతకు ముందే మనం వాళ్ల నిద్ర తీసేసుకున్నాం, పొద్దుటి తిండి తీసేసుకున్నాం, సాయంత్రం ఆట తీసేసుకున్నాం. కొందరికి ఏడాదిలో నాలుగైదు నెలలు అమ్మానాన్నలు కూడా లేకుండా చేశాం. ఇన్ని పోయాక ఆ పిల్లల చేతిలో మిగిలింది ఫోను. దాన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం నాకు న్యాయంగా అనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం.

పిల్లలు మన దగ్గరికి వచ్చి దిగులుగా ఉందని చెప్పరు. తలనొప్పి అంటారు, కడుపులో నొప్పి అంటారు, కళ్లు తిరుగుతున్నాయంటారు. బడిలో మాకు ఇచ్చే గది చాలాచోట్ల మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టే గదే. బస్తాల పక్కన బల్ల వేసుకుని ఎత్తు, బరువు చూసేవాళ్లం. పెద్ద పిల్లలకు బీపీ కూడా చూసేదాన్ని. పట్టీ చుట్టి గాలి కొట్టి వదిలే ఆ కాసేపు పిల్ల చెయ్యి నా చేతిలో ఉంటుంది, ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోనక్కరలేదు, బయటి వాళ్లకు మా మాట వినబడదు. చెప్పాలనుకున్నది ఆ కాసేపట్లోనే బయటికి వచ్చేది. ‘రాత్రి నిద్ర రాదు నర్సమ్మా’ అని ఒకరు. ‘మా నాన్న తాగి వస్తే అమ్మను కొడతాడు, నేను అడ్డం పడుకుంటాను’ అని ఒకరు. ‘నాకు బతకబుద్ధి కావడం లేదు’ అని కూడా విన్నాను. నేను వింటాననే నమ్మకం కుదిరిన తర్వాతే వాళ్లు ఆ మాట అన్నారు. 10 నుంచి 19 ఏళ్ల వయసులో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నలభై మంది కూర్చున్న తరగతి గదిలో అయిదారుగురన్న మాట. ఉపాధ్యాయులు హాజరు పిలిచినప్పుడు ఆ అయిదారుగురూ అందరిలాగే ‘ఉన్నాను సార్’ అంటారు.

మగపిల్లలు ఇంకా కష్టం. వాళ్ల దిగులు గొడవల రూపంలో, గుట్కా రూపంలో, బడి ఎగ్గొట్టడం రూపంలో బయటపడుతుంది. దాన్ని క్రమశిక్షణ లేకపోవడం కిందే లెక్క వేస్తారు తప్ప, వీడికి ఏమైందని అడిగేవారు తక్కువ.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర సంగతి చెబుతాను. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అందుకే ఆ మాత్ర మీద మేము అంత పట్టుదలగా ఉండేవాళ్లం. ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్ల మాత్ర నోట్లో వేసుకుంది, నీళ్లు తాగింది, నోరు తెరిచి చూపించింది కూడా. నేను పక్క వరుసకు వెళ్లగానే కిటికీలోంచి ఉమ్మేసింది. బయటికి వెళ్లి చూస్తే కిటికీ కింద మట్టిలో అలాంటివి ఇంకా చాలా కనబడ్డాయి. కొన్ని పూర్తిగా రంగు వెలిసి తెల్లబడిపోయాయి. కోప్పడకుండా పక్కకు పిలిచి అడిగాను. ‘పరగడుపున మింగితే వాంతి వస్తుంది నర్సమ్మా’ అంది. తెల్లవారకముందే ట్యూషన్, అక్కడి నుంచి నేరుగా బడి. మధ్యలో ఒక టీ, చేతిలో చిల్లర ఉంటే ఒక బన్ను. వాళ్లమ్మ పొద్దున్నే జిన్నింగ్ మిల్లుకు వెళ్లిపోతుంది కాబట్టి ఇంట్లో పొయ్యి వెలిగేది సాయంత్రమే. మధ్యాహ్న భోజనం అయ్యాక మాత్ర ఇచ్చే బడుల్లో కిటికీల కింద ఏమీ దొరకలేదు.

రక్తం తక్కువైన పిల్లకు ఊరికే అలసట వస్తుంది, గుండె దడదడలాడుతుంది, పాఠం తలకెక్కదు, చిన్న మాటకు ఏడుపు వస్తుంది. ఇంట్లోవాళ్లు దానికి బద్ధకమని పేరు పెడతారు, బడిలో శ్రద్ధ లేదంటారు. రెండు చోట్లా మాట పడిన పిల్లకు తన మీద తనకు నమ్మకం పోతుంది. ఇది శరీరం సంగతా, మనసు సంగతా అని విడదీయడం నా అనుభవంలో ఎప్పుడూ కుదరలేదు. పొద్దున రెండు జొన్న రొట్టెలో, ఇంత ఉగ్గానో కడుపున పడిన పిల్లకు, ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లకు మధ్య తేడా మొదటి పీరియడ్‌లోనే తెలిసిపోతుంది.

నిద్ర గురించి మరీ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ జబ్బుగా చూడడం లేదు. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఈడు వచ్చే వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను రాత్రిపూట ఒకటి రెండు గంటలు ఆలస్యంగా ఊరుతుంది. అందుకే పదేళ్ల పిల్లవాడు తొమ్మిదింటికే తూగిపోతే, పదహారేళ్ల పిల్లవాడికి పదకొండైనా నిద్ర పట్టదు. అది వాడి మొండితనం కాదు, ఆ వయసు శరీర ధర్మం. అలాంటి పిల్లలను మన ప్రైవేటు ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారుజామున అయిదింటికి గంట కొట్టి లేపుతున్నారు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్‌లో కూర్చోబెడుతున్నారు. ఆరు గంటల నిద్ర దొరికితే గొప్ప. పదో తరగతి పరీక్షలు దగ్గర పడితే ప్రభుత్వ బడుల్లోనూ పొద్దున, సాయంత్రం ప్రత్యేక తరగతులే. చదివినది జ్ఞాపకంగా కుదురుకునేది నిద్రలోనే. నిద్ర కోసి చదువు పెంచుతున్నామని అనుకోవడం విత్తనం వండుకుని తిని పంట కోసం ఎదురుచూడటం లాంటిది. నెలల తరబడి నిద్ర చాలని పిల్లకు చిరాకు, దిగులు, ఏదీ చేతకాదన్న భావన వస్తాయి. తల్లిదండ్రులు ఆ పిల్లను నా దగ్గరికి తెచ్చి టానిక్ రాయమని అడిగేవారు. రాత్రి ఎన్నింటికి పడుకుంటుందని అడిగితే తల్లికే తెలియదు. హాస్టల్లో ఉంటుంది కదమ్మా, వాళ్లు చూసుకుంటారు అనేవారు.

ఆట గురించి ఎక్కువ రాయను. 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన బడుల్లో ఆటల పీరియడ్ లెక్కల సార్‌కు వెళుతుంది. పెద్దమనిషి అయిన ఆడపిల్లకు బడి బయట మైదానం ముఖం చూసే యోగమే లేదు. ప్రైవేటు కాలేజీల్లో చాలావాటికి మైదానమే లేదు.

ఇక మా పడమటి మండలాల సంగతి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఊళ్ల నుంచి వేల కుటుంబాలు ఏటా సుగ్గికి వెళతాయి. ఈ మాట తెలియని కోస్తా పాఠకుల కోసం చెబుతున్నాను. వాన పంట చేతికి రాక, ఊళ్లో పని లేక, గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు, కొందరు తెలంగాణకు మూటాముల్లె సర్దుకుని వెళ్లడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. దీపావళి దాటితే మొదలై, మిరప కోతలు అయ్యేదాకా సాగుతుంది. చిన్న పిల్లలను వెంట తీసుకెళతారు. బడికి వెళ్లే పెద్ద పిల్లలను అవ్వ దగ్గర వదిలేస్తారు. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లను వదిలి వెళ్లడానికి భయపడి ఆ పిల్లను కూడా తీసుకెళతారు. ఆ ఏడాది చదువు అక్కడితో ఆగిపోతుంది. తిరిగి వచ్చాక తన కంటే చిన్నవాళ్లతో కూర్చోవాలంటే సిగ్గుపడి బడికే రాదు. మరుసటి ఏడాది పెళ్లి చేస్తారు. మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని నేను పైన చెప్పిన ఆ సర్వేలోనే ఉంది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. ఆ పిల్లల మనసు గురించి ఏ సంచికలోనూ కథనం రాదు.

ఇలా అవ్వ దగ్గర మిగిలిపోయిన ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి కడుపునొప్పితో నా దగ్గరికి వచ్చాడు. మందులు ఇచ్చారు, తగ్గలేదు. ఆదోని ఆసుపత్రిలో స్కానింగ్ కూడా తీయించారు, ఏమీ లేదన్నారు. బీపీ చూస్తూ రాత్రి ఏం చేస్తావు నాయనా అని అడిగాను. అమ్మ ఫోను కోసం కూర్చుంటాడట. మిరప కోసి, తూకం వేయించుకుని, గుడిసెకు వచ్చి వంట చేసుకునేసరికి వాళ్లకు రాత్రి తొమ్మిదిన్నర, పది అవుతుంది. ఒక్కో రోజు సిగ్నల్ ఉండదు. ఆ రోజు పన్నెండు దాకా ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకుంటాడు. మాట్లాడిన రోజు కూడా ఫోను పెట్టేశాక నిద్ర రాదు, అప్పుడు రీల్స్ చూస్తాడు. చూసి చూసి ఏ రెండింటికో కళ్లు మూతపడతాయి. ఉదయం అవ్వ లేపితే కడుపులో మెలిపెట్టినట్టు ఉంటుంది.

మీ కథనం ప్రకారం ఆ అబ్బాయి ఫోనుకు బానిసైన పిల్లవాడు. ఫోను తీసేసుకుంటే వాడికి అమ్మ గొంతు వినే దారి కూడా మూసుకుపోతుంది. నేను ఆ ఊరి ఉపాధ్యాయురాలితో మాట్లాడి, వాళ్లమ్మ పని మధ్యలో మధ్యాహ్నం అన్నం తినే వేళకు బడి నుంచే ఫోను చేయించే ఏర్పాటు చేశాం. రాత్రి ఎదురుచూపు తగ్గింది. కడుపునొప్పి కూడా చాలావరకు తగ్గింది. మందుతో కాదు.

ఇప్పుడు మీ పత్రిక గురించి ఒక మాట అనాలి. ఈ మాట రాయడానికే చాలా రోజులుగా మనసు పీకుతోంది. ఫలితాలు వచ్చిన మర్నాడు మీ మొదటి పేజీ నిండా ఒకటి, ఒకటి, రెండు, మూడు అంటూ ర్యాంకులతో కాలేజీల ప్రకటన ఉంటుంది. లోపలి పేజీలో ఒక మూల, తప్పానన్న బాధతో ప్రాణం తీసుకున్న పిల్ల వార్త ఉంటుంది. ఎలా చనిపోయిందో, ఎక్కడ చనిపోయిందో, పాసుపోర్టు ఫోటోతో సహా. అదే వయసు పిల్లలు ఆ రెండు పేజీలనూ ఒకే పొద్దున చదువుతారు. ఆత్మహత్య వార్తలను పెద్దవి చేసి చూపవద్దని, పద్ధతిని, చోటును వివరించవద్దని, సాయం దొరికే నంబర్లు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా భారత ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. పదో తరగతి ర్యాంకుల ప్రకటనలను నిషేధిస్తూ మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 2022లో ఉత్తర్వు ఇచ్చింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ప్రకటన డబ్బు పత్రికకు అవసరమని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. ఆ ఒక్క రోజైనా మొదటి పేజీని ర్యాంకులకు అమ్మకండి. అక్కడ తప్పిన పిల్లలకు సప్లిమెంటరీ పరీక్ష తేదీలు, ఫీజు గడువు, మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాలతో వేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవకు డబ్బు కట్టనక్కరలేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. మా పల్లెల్లో ఈ నంబరు తెలిసినవాళ్లు నాకు చాలా అరుదుగా తగిలారు.

ర్యాంకుల పిచ్చి కాలేజీ గేటు లోపల ఏం చేస్తుందో కూడా చెబుతాను. ఒక కాలేజీలో మార్కులను బట్టి సెక్షన్లు, ఒక్కో సెక్షన్‌కు మెడలో వేసుకునే కార్డు తాడు ఒక్కో రంగు. నెలవారీ పరీక్షలో మార్కులు తగ్గిన ఒక అబ్బాయిని మొదటి సెక్షన్ నుంచి మూడో సెక్షన్‌కు మార్చి, తాడు రంగు మార్చారు. భోజనాల వరుసలో నిలబడినా, మెట్లు ఎక్కుతున్నా వాడు ఎందులోంచి ఎందులోకి వచ్చాడో అందరికీ తెలుస్తుంది. గుండె దడ అని సెలవు పెట్టి ఇంటికి వచ్చాడు. నాడి మామూలుగానే ఉంది. చొక్కా జేబులోంచి ఆ తాడు తీసి బల్ల మీద పెట్టి, ఇది వేసుకుని మళ్లీ వెళ్లలేను అన్నాడు. వాళ్ల నాన్న మూడెకరాల్లో ఎకరం అమ్మి ఫీజు కట్టాడు. ఆ ఎకరం మాట ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా వాడు దాన్ని రోజూ మోస్తున్నాడు.

ఇలాంటివి చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణించిన కేసులో 2025 జులై 25న ఇచ్చిన తీర్పులో, మార్కులను బట్టి పిల్లలను విడదీయవద్దని, అందరి ముందు చిన్నబుచ్చవద్దని, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో మనస్తత్వ నిపుణులనో కనీసం ఒకరిని పెట్టాలని, అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో చదువుకుంటూ చనిపోయిన పిల్ల కేసులో వచ్చిన ఆదేశం ఇది. ముందు మన దగ్గరే అమలు కావాలి. మీ విలేకరులు ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలులో ఒక్కో కాలేజీకి వెళ్లి, మీ కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు, పిల్లలు ఎప్పుడు కలవవచ్చు అని అడగాలని నా విన్నపం. ఆ గదికి తలుపు ఉందో లేదో కూడా చూడమనండి. ప్రిన్సిపాల్ గదిలో మూల కుర్చీ వేసి కౌన్సెలింగ్ అంటే ఏ పిల్లా నోరు విప్పదు.

ప్రభుత్వ బడులకు కొత్త పథకం కూడా అవసరం లేదు. కౌమార పిల్లల ఆరోగ్యం కోసం పెట్టిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 2014 నుంచి ఉంది, అందులో మానసిక ఆరోగ్యం ఒక ముఖ్యమైన అంశం. ఆయుష్మాన్ భారత్ కింద ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు పిల్లల ఆరోగ్యం మీద శిక్షణ ఇచ్చే ఏర్పాటు 2020 నుంచి ఉంది. ఆ ఇద్దరికి వారంలో రెండు పీరియడ్లు ఖాళీ ఇచ్చి, ఒక గది ఇచ్చి, ఆ సమయంలో ఎన్నికల పని, సర్వే పని, యాప్‌లో ఫోటోలు ఎక్కించే పని చెప్పకుండా ఉంటే చాలు. పెద్ద డాక్టరు అవసరమైన పిల్లలు కొందరు ఉంటారు. వాళ్లకు ఇప్పుడు కర్నూలు పెద్దాసుపత్రే దిక్కు. ఆదోని నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. కూలి మానుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని, ‘పిచ్చి డాక్టరు దగ్గరికి పోయారట’ అన్న మాట పడి ఒకసారి వెళ్లిన తల్లి రెండోసారి వెళ్లడం లేదు. మానసిక వైద్యులు వారానికి ఒక్క రోజు ఆదోని ఏరియా ఆసుపత్రికి వచ్చి, మామూలు ఓపీ వరుసలోనే పిల్లలను చూసే ఏర్పాటు చేయాలని జిల్లా అధికారులను కోరుతున్నాను.

తల్లిదండ్రులకు కూడా రెండు మాటలు. ఇంట్లో ఫోను నియమం పెట్టండి, తప్పకుండా పెట్టండి, రాత్రి పడుకునే గదిలో ఫోను ఉండకూడదు. ఆ నియమం మీరూ పాటించండి. అలాగే హాస్టల్లో ఉన్న పిల్ల ఫోను చేస్తే మార్కులు ఎన్ని వచ్చాయన్నది మొదటి ప్రశ్న కాకూడదు. తిన్నావా, నిద్ర పట్టిందా అని అడగండి. జవాబు తడబడితే మరుసటి రోజే బస్సెక్కి వెళ్లి చూడండి.

చివరగా, అన్నిటికంటే తొందరగా జరగాల్సిన పని. దీపావళి దాటగానే సుగ్గి బండ్లు కదులుతాయి. అమ్మానాన్నలు వెళ్లిపోయిన నెల రోజులకు, వలస కుటుంబాల పిల్లల కోసం ఆ నెలల్లో నడిపే సీజనల్ హాస్టల్ తెరిస్తే ఆ పిల్లలు అప్పటికే బండ్లు ఎక్కి ఉంటారు. పడమటి మండలాల్లో ఈ హాస్టళ్లను దీపావళికి ముందే తెరవాలి. ఆడపిల్లలకు విడిగా గదులు, రాత్రి తోడుండే ఆడమనిషి, రోజూ అమ్మానాన్నలతో మాట్లాడటానికి ఒక ఫోను, దానికి ఒక వేళ ఉండాలి. ఏ ఊరి నుంచి ఎవరి పిల్లలు మిగులుతారో ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు పేరు పేరునా తెలుసు. ఆ జాబితా ఇప్పుడే తయారు చేయించమని కలెక్టరు గారికి మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
ఆదోని, కర్నూలు జిల్లా